నిలిచిపోయిన సంచారిభావం: తెలుగు కథాసాహిత్యంలో కుంగుబాటు – గుర్తింపు, ఊరట

వ్యాససంగ్రహం

తెలుగు నవలా విమర్శ దుఃఖితులైన కథానాయకులను అసమర్థులుగా, అంతర్ముఖులుగా, అస్తిత్వవేదన అనుభవించేవారిగా ఎక్కువగా వ్యాఖ్యానించింది. వారి దుఃఖంలో కొంత భాగం వ్యాధి కావచ్చునన్న కోణానికి తక్కువ చోటు దక్కింది. భరతుడు పేర్కొన్న సంచారిభావాల పరిభాష ఈ కోణాన్ని తెరవడానికి ఉపకరిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సంచరించవలసిన భావం కదలకుండా నిలిచిపోయినప్పుడు దాన్ని తాత్విక నిర్వేదం నుంచి వేరుచేసి చూడాలన్నది ఇందులోని ప్రధానవాదం. గోపీచంద్, బుచ్చిబాబు, అంపశయ్య నవీన్, పి. సత్యవతి రచనలు ఇందుకు ఆకరాలు. నంద్యాల జిల్లా బేతంచెర్ల వంటి శ్రామిక పట్టణంలో ఈ పఠనానికి ఉండగల ప్రయోజనాన్ని కూడా వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: కుంగుబాటు, సంచారిభావం, నిర్వేదం, అవహిత్థ, మనోవైజ్ఞానిక నవల, నీరసం, బేతంచెర్ల, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం

జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015–16లో దేశంలోని 12 రాష్ట్రాల్లో జరిగింది. జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు లోనయ్యేవారు వయోజనుల్లో ప్రతి 20 మందికి సుమారు ఒకరని అది తేల్చింది. అలా బాధపడేవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా చెప్పింది. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. తెలుగువారి మనోవేదన ఆ లెక్కల్లోకి నేరుగా రాలేదు. కాని కథల్లోకి, నవలల్లోకి అంతకు ఎంతో ముందే వచ్చింది.

సాహిత్యం గణాంకాలకు ప్రత్యామ్నాయం కాదు. అయితే గణాంకాలు చెప్పలేని ఒక సంగతిని అది చెబుతుంది. బాధపడే మనిషి చుట్టూ ఉన్నవారు ఆ బాధను ఏ పేరుతో పిలిచారు, ఏమని అపార్థం చేసుకున్నారు, ఎక్కడ గుర్తించలేకపోయారు అన్నది సాహిత్యమే నమోదు చేస్తుంది. చికిత్స అందకపోవడానికి వైద్యుల కొరత ఒక కారణం కాగా, బాధను బాధగా గుర్తించకపోవడం మరొకటి. ఆ రెండో కారణం భాషకూ పఠనానికీ సంబంధించినది కనుక సాహిత్య విమర్శ పరిధిలోకి వస్తుంది.

వ్యాధి అన్న మాటను పాత్రలకు వాడేటప్పుడు జాగ్రత్త అవసరం. పాత్ర రోగి కాదు. నవల కేసుషీటు కాదు. పాత్రకు రోగనిర్ధారణ చేయడం ఈ వ్యాసం లక్ష్యం కాదు. రచయిత నమోదు చేసిన లక్షణాలనూ, వాటికి ఇతర పాత్రలూ విమర్శకులూ ఇచ్చిన పేర్లనూ పక్కపక్కన పెట్టి చూడడమే ఇక్కడ అనుసరించిన పద్ధతి.

2. సంచారిభావం, స్థాయిభావం, వ్యాధి

భరతుని నాట్యశాస్త్రం సంచారిభావాలను, అంటే వ్యభిచారిభావాలను, ముప్పయిమూడుగా లెక్కించింది. నిర్వేదం, గ్లాని, శంక, ఆలస్యం, దైన్యం, చింత, జడత, విషాదం, అవహిత్థ, వ్యాధి వాటిలో ఉన్నాయి. తెలుగు స్నాతకోత్తర విద్యార్థులకు ఇవి కంఠస్థమైన పేర్లే. వీటి స్వభావం పేరులోనే ఉంది. ఇవి వస్తాయి, పోతాయి. నీటిలో తరంగాల్లా లేచి, స్థాయిభావాన్ని పోషించి, అందులోనే అణగిపోతాయి.

మానసిక వైద్యశాస్త్రం కుంగుబాటుకు చెప్పే లక్షణాలను ఈ జాబితా పక్కన పెడితే పోలిక స్పష్టమవుతుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన వర్గీకరణ తొమ్మిది లక్షణాలను పేర్కొంటుంది. రోజులో ఎక్కువ భాగం మనసు కుంగి ఉండడం, ఇంతకుముందు ఇష్టమైన వాటిపై ఆసక్తి నశించడం, ఆకలిలోనో బరువులోనో మార్పు, నిద్ర పట్టకపోవడం లేదా అతినిద్ర, కదలికలు మందగించడం లేదా నిలకడలేకపోవడం, అలసట, తాను పనికిరానివాడినన్న భావన లేదా అకారణమైన అపరాధభావం, ఏకాగ్రత, నిర్ణయశక్తి తగ్గడం, మరణాన్ని గురించిన తలపులు. వీటిలో కనీసం ఐదు, కనీసం రెండు వారాలు ఎడతెగక ఉండాలి. ఆ ఐదింటిలో మొదటి రెండు లక్షణాల్లో ఒకటైనా తప్పనిసరిగా ఉండాలి. మనిషి రోజువారీ జీవనం దెబ్బతినాలి.

గ్లాని, ఆలస్యం, జడత, దైన్యం, చింత, విషాదం అన్న పేర్లు ఈ లక్షణాలలో చాలావాటికి దగ్గరగా నిలుస్తాయి. తేడా కాలంలో ఉంది. దిగులు అందరికీ వస్తుంది. ఆప్తులు పోయినా, పంట పోయినా, పరీక్ష తప్పినా వస్తుంది, క్రమంగా సడలుతుంది. సడలకుండా అక్కడే పేరుకుపోయి, మిగిలిన భావాలకు దారి మూసివేయడమే కుంగుబాటు. అలాగని అది స్థాయిభావమూ కాదు. స్థాయిభావం రసంగా పరిణమిస్తుంది. నిలిచిపోయిన సంచారి ఏ రసానికీ దారితీయదు. జీవితంలోని రుచినే హరిస్తుంది.

ఇక్కడ నిర్వేదానికి ఒక ప్రత్యేకత ఉంది. అది సంచారుల జాబితాలో మొదటిది. తత్త్వజ్ఞానం వల్ల పుట్టిన నిర్వేదాన్ని మమ్మటుడు శాంతరసానికి స్థాయిగా అంగీకరించాడు. అంటే ఒకే పేరుకు రెండు స్థితులు ఉన్నాయి. ఒకటి విముక్తి వైపు నడిపించేది, మరొకటి దారిద్ర్యం, అవమానం, రోగం వంటి వాటివల్ల కలిగేది. భగవద్గీత మొదటి అధ్యాయం అర్జునుని వణుకునూ, నోరెండిపోవడాన్నీ, చేతిలోని విల్లు జారడాన్నీ వర్ణించి దానికి విషాదయోగమన్న పేరు పొందింది. విషాదం జ్ఞానానికి మొదటి మెట్టు అన్న భావన మన సంప్రదాయంలో బలపడింది. ఆ భావన దుఃఖానికి గౌరవం ఇచ్చింది. అదే సమయంలో, ప్రతి దుఃఖాన్నీ తాత్వికంగా చదివే అలవాటునూ ఇచ్చింది. ఆధునిక నవలా విమర్శలో జరిగిన పొరపాటుకు మూలం ఇక్కడే ఉంది.

3. సీతారామారావు: ఆలస్యమా, అసమర్థతా?

గోపీచంద్ రచించిన ‘అసమర్థుని జీవయాత్ర’ (1947) తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా ప్రసిద్ధి పొందింది. వంశప్రతిష్ఠ అనే ఊహకు కట్టుబడి ఆస్తిని పోగొట్టుకున్న సీతారామారావు క్రమంగా పనికీ, మనుషులకూ, చివరకు తనకూ దూరమవుతాడు. నిష్క్రియత, ఆత్మనింద, అకారణమైన అనుమానం, భార్య ఇందిరపైనా కూతురిపైనా విరుచుకుపడే కోపం అతనిలో పెరుగుతాయి. నవల శ్మశానంలో, అతని మరణంతో ముగుస్తుంది.

శీర్షికలోని ‘అసమర్థుడు’ అన్న మాట పాఠకుని చేతికి ముందే ఒక తీర్పును అందిస్తుంది. విమర్శ ఆ తీర్పును వర్గవిశ్లేషణతో సమర్థించింది: కూలిపోతున్న భూస్వామ్య కుటుంబపు వారసుడు, ఆచరణ లేని ఆలోచనాపరుడు. ఈ వ్యాఖ్యానంలో సత్యం లేకపోలేదు. అయితే కారణాన్ని చెప్పినంత మాత్రాన స్థితిని చెప్పినట్టు కాదు. ఆస్తి పోవడం విభావం. ఆ తరువాత అతనిలో నిలిచిపోయినది వేరు. ఆస్తి పోగొట్టుకున్న వారందరూ మంచం దిగలేని స్థితికి చేరరు.

అతని కోపం ప్రత్యేకంగా గమనించదగినది. కుంగుబాటు అనగానే కన్నీటిని ఊహించుకోవడం పరిపాటి. పురుషులలో అది చిరాకుగా, ఆగ్రహంగా, ఇంటివారిపై దౌర్జన్యంగా బయటపడడం అరుదు కాదని వైద్యులు గమనించారు. ఆలంకారికుల మాటలో అది అమర్షం. సీతారామారావు అమర్షాన్ని దుర్మార్గంగా మాత్రమే చదివితే దాని అడుగున ఉన్న దైన్యం కనిపించదు. దైన్యం కనిపించినంత మాత్రాన ఇందిర పడ్డ బాధ తగ్గదు. విమర్శ ఈ రెండింటినీ ఒకేసారి పట్టుకోగలగాలి.

నవలలో రామయ్య తాత పాత్ర మరో ముఖ్యమైన సంగతిని తెలుపుతుంది. ఆయన వివేకి, హితైషి. ఆయన మాటలు సీతారామారావు బుద్ధికి చేరుతాయి, సంకల్పానికి చేరవు. కుంగుబాటు దెబ్బతీసేది సంకల్పశక్తినే. ‘ధైర్యం తెచ్చుకో’ అన్న సలహా, లేనిదాన్నే పెట్టుబడిగా పెట్టమని అడుగుతుంది. తనకు ‘ఎందుకు’ అని ప్రశ్నించడం నేర్పిన తండ్రికి గోపీచంద్ ఈ నవలను అంకితమిచ్చారు. సీతారామారావు విషయంలో ఆ ప్రశ్న ‘ఇతడెందుకు ఇలా తయారయ్యాడు’ అన్నచోటే ఆగిపోయింది. ‘ఇతని మాట ఎవరైనా విన్నారా’ అన్న ప్రశ్న నవలలోని పాత్రలూ వేయలేదు, విమర్శ కూడా గట్టిగా వేయలేదు.

4. దయానిధి: కదిలిన నిర్వేదం

బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ 1946–47లో ధారావాహికగా వెలువడింది. దయానిధి వైద్యుడు. తల్లి గురించి లోకం వేసిన నింద అతని ప్రతి అనుబంధం మీదా నీడలా పడుతుంది. ప్రేమించలేకపోవడం, ప్రేమను స్వీకరించలేకపోవడం అతని సమస్య అని విమర్శకులు చెప్పారు. సాహిత్యంలో హామ్లెట్‌తో పోల్చారు, మనస్తత్వశాస్త్రంలో ఫ్రాయిడ్‌ను ఆశ్రయించారు.

ఈ వ్యాసానికి సంబంధించిన అంశం మరొకటి. ఇతరుల రోగాన్ని గుర్తించే వృత్తిలో ఉన్న మనిషి తన వేదనను ఒక పేరుతో చెప్పుకోలేడు. చదువు ఉంటే గుర్తింపు దానంతట అదే వస్తుందన్న నమ్మకాన్ని ఈ పాత్ర భంగపరుస్తుంది. విద్యావంతుడు తన కుంగుబాటును తాత్విక ప్రశ్నగా మార్చుకోగలడు కనుక, గుర్తింపు అతనికి ఒక్కొక్కప్పుడు మరింత కష్టమవుతుంది.

కథ ఒక దశలో రాయలసీమకు, అనంతపురం జిల్లా వజ్రకరూరుకు చేరుతుంది. ఈ స్థలమార్పును ప్రతీకగా చదవడం తేలిక. దానికన్నా సరళమైన వాస్తవం ఒకటుంది. కొత్త ఊరిలో దయానిధికి చేయవలసిన పని ఉంది, వైద్యం కోసం వచ్చే మనుషులున్నారు. అక్కడా అతనికి నష్టాలూ నిందలూ తప్పవు. అయినా అతనిలోని నిర్వేదం ఒకచోట ఆగిపోదు. నవల ముగిసేనాటికి అతడు తనతో తాను సమాధానపడే ప్రయత్నం చేస్తాడు. సీతారామారావు ‘ఎందుకు’ అన్న ప్రశ్న అతణ్ణి శ్మశానానికి తీసుకుపోయింది. దయానిధి వేసుకున్న ‘ఏం మిగిలింది’ అన్న ప్రశ్న అతణ్ణి జీవితంలోనే ఉంచింది. రెండు నవలల మధ్య భేదం ఆశావాద నిరాశావాదాలది కాదు. నిర్వేదం కదలడానికీ నిలిచిపోవడానికీ మధ్యనున్న భేదం.

5. రవి: వ్యాధి కానిది

ఈ కొలమానాన్ని అన్ని పాత్రలకూ వర్తింపజేస్తే అది కొలమానంగా పనికిరాదు. నవీన్ ‘అంపశయ్య’ (1969) ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవి జీవితంలోని ఒక్క రోజును చైతన్యస్రవంతి శిల్పంలో చిత్రించింది. శంక, దైన్యం, చింత, వ్రీడ అతని మనసులో నిండుగా ఉన్నాయి. పేదరికం, పరీక్షల భయం, లైంగిక సంఘర్షణ అతణ్ణి వేధిస్తాయి. అయినా భావాలు ఒకదాని వెంట ఒకటి పరుగెడుతూనే ఉంటాయి. ఒక భావం మరొకదానికి చోటిస్తుంది. శిల్పం పేరే స్రవంతి. అక్కడ నిలిచిపోయినదేదీ లేదు. పైగా ఒక్కరోజు కథాకాలం ‘రెండు వారాలు’ అన్న ప్రమాణాన్ని పరీక్షించడానికి అవకాశమే ఇవ్వదు.

రవి బాధను వ్యాధి అనడం, దాని సామాజిక కారణాలను చెరిపివేయడమే అవుతుంది. పేద విద్యార్థికి కావలసింది ముందుగా ఉపకారవేతనం, వసతి, గౌరవం. కుంగుబాటు అన్న మాటను ప్రతి యువకుని అశాంతికీ వాడేయడం ఇప్పటి మరో ధోరణి. గుర్తించకపోవడం ఎంత హానికరమో, విచక్షణ లేకుండా ముద్రవేయడం కూడా అంతే హానికరం.

6. ఇద్దరు ఇందిరలు, ఒక శారద

గోపీచంద్, బుచ్చిబాబుల నవలల్లో కథానాయకుల భార్యల పేరు ఒకటే: ఇందిర. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. కాని రెండు నవలల్లోనూ పురుషుని దుఃఖం పేజీల కొద్దీ విశ్లేషణకు నోచుకోగా, ఇందిరల దుఃఖం పక్కనే ఉండి అంతటి విశ్లేషణకు నోచుకోలేదు. కుంగుబాటు పురుషులకన్నా స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ మాటతో చూస్తే ఈ మౌనం చిన్నది కాదు.

పి. సత్యవతి కథ ‘ఇల్లలకగానే’ ఆ మౌనాన్ని ఛేదించింది. ఇంటిని అద్దంలా ఉంచడంలో మునిగిన ఒక గృహిణి తన పేరే మరచిపోతుంది. ఇరుగుపొరుగుకూ, పనిమనిషికీ, పిల్లలకూ ఆమె ఒక వరుసగా, ఒక హోదాగా మాత్రమే తెలుసు. చివరకు పాత స్నేహితురాలు ఎదురై ఆమెను శారద అని పిలుస్తుంది. చదువులో, పాటలో, బొమ్మలు వేయడంలో ఆమెకున్న ప్రతిభను గుర్తుచేస్తుంది. స్త్రీవాద విమర్శ ఈ కథను అస్తిత్వహరణ కథగా సరిగానే చదివింది. దానికి మరో పొర చేర్చవచ్చు. ఒకప్పుడు ఇష్టమైన వాటితో సంబంధం తెగిపోవడం, అది తెగిపోయిందన్న స్పృహ కూడా లేకపోవడం కుంగుబాటులో ఆసక్తినాశాన్ని తలపిస్తాయి. ఇల్లు తళతళలాడుతూనే ఉంటుంది. లోపల ఖాళీ పెరుగుతుంది.

ఇక్కడ అవహిత్థ అన్న సంచారి అక్కరకు వస్తుంది. అవహిత్థ అంటే మనసులోని భావాన్ని పైకి కనపడనీయకపోవడం. శృంగార సందర్భంలో నాయిక సిగ్గును దాచుకోవడానికి ఉదాహరణలు ఇచ్చి మన పాఠాలు దీన్ని ముగిస్తాయి. కుటుంబంలో స్త్రీ నవ్వుముఖంతో పనులన్నీ చక్కబెడుతూ లోపల కుంగిపోవడం కూడా అవహిత్థే. ‘బాగానే ఉంది కదా, వంట చేస్తోంది కదా’ అన్న మాట అందుకే నమ్మదగినది కాదు.

శారదను గుర్తించినది వైద్యుడు కాదు, బోధకుడూ కాదు. ఆమె పూర్వరూపం తెలిసిన స్నేహితురాలు. మనిషిలో వచ్చిన మార్పును గుర్తించగలిగేది ఆ మనిషి మునుపు ఎలా ఉండేదో తెలిసినవారే. కుంగుబాటు గుర్తింపులో ఆప్తుల పాత్ర ఎంత ముఖ్యమో ఈ కథ చెప్పినంత క్లుప్తంగా చెప్పిన తెలుగు రచనలు తక్కువ.

7. బేతంచెర్ల: నీరసం అనే మాట

పై పఠనం ఎవరికి ఉపకరిస్తుందన్న ప్రశ్నకు ఒక నిర్దిష్టమైన ఊరు అవసరం. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల నాపరాతికి పేరుపొందిన పట్టణం. గనుల్లో రాయి తీసేవారు, పాలిష్ యంత్రాల దగ్గర పనిచేసేవారు, బండలు లారీలకు ఎత్తేవారు ఇక్కడి జనజీవనానికి ఆధారం. సమీపంలోని బిళ్ళసర్గం గుహలు పురామానవుని అధ్యయనంలో ప్రసిద్ధమైనవి. మద్దిలేటి నరసింహస్వామి క్షేత్రం చుట్టుపక్కల పల్లెల బాధలన్నిటికీ మొక్కుబడుల చోటు.

ఇటువంటి ఊరిలో మనిషి ‘నాకు కుంగుబాటు ఉంది’ అని చెప్పడు. ‘నీరసంగా ఉంది’, ‘ఒళ్ళంతా నొప్పులు’, ‘నిద్ర పట్టడం లేదు’, ‘గుండె దడ’, ‘తల బరువు’, ‘తిండి సయించడం లేదు’ అంటాడు. మనోవేదన శరీరభాషలో బయటపడడం దక్షిణాసియా అంతటా వైద్యులు గమనించిన విషయం. రాతిపని చేసేవాని విషయంలో చిక్కు రెట్టింపు అవుతుంది. పని స్వభావమే అలసటను, ఒళ్ళునొప్పులను ఇస్తుంది కనుక, వాటి వెనుక మరో కారణం ఉండవచ్చునని అతనికీ, ఇంటివారికీ, మందులిచ్చేవారికీ తోచదు. బలానికి ఒక సీసా టానిక్కు, నొప్పికి ఒక మాత్ర, నిద్రకు మద్యం అనే వరుస మొదలవుతుంది. మద్యం కుంగుబాటును తగ్గించదు, పెంచుతుంది.

‘నీరసం’ అన్న మాటను కావ్యశాస్త్ర విద్యార్థి తేలికగా వదలకూడదు. రసం లేకపోవడమే నీరసం. వాడుకలో అది దేహబలహీనతకు స్థిరపడింది. వ్యుత్పత్తిలో అది రుచి పోవడాన్ని చెబుతుంది. కుంగుబాటుకు తెలుగులో మాట లేదనడం సరికాదు. మాట ఉంది, దాన్ని సగమే వింటున్నాము. ‘నీరసం’ అన్న మనిషిని ‘ఎన్నాళ్ళుగా?’, ‘ఇంతకుముందు ఇష్టపడి చేసినవి ఇప్పుడూ చేయాలనిపిస్తోందా?’ అని అడిగితే మిగిలిన సగం వినిపిస్తుంది. మొదటి ప్రశ్న కాలాన్ని, రెండోది ఆసక్తిని పరీక్షిస్తుంది. సంచారి నిలిచిపోయిందో లేదో తెలుసుకునే తొలి అడుగు అదే. దేహపరమైన కారణాలను, ముఖ్యంగా రక్తహీనతనూ థైరాయిడ్ లోపాన్నీ, వైద్యుడు వేరుగా పరీక్షించవలసి ఉంటుంది.

8. ఊరట: సలహా నుంచి వినికిడికి

ఈ పని పెద్ద ఆసుపత్రుల్లోనే జరగాలన్న నియమం లేదు. దత్తమండలాల్లో భాగమై, 1953లో మైసూరు రాష్ట్రంలో చేరిన బళ్లారి జిల్లాలో, 1980ల మధ్యకాలంలో బెంగళూరు నిమ్హాన్స్ ఒక ప్రయోగం చేసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకూ సిబ్బందికీ శిక్షణ ఇచ్చి, మానసిక రోగాలను స్థానికంగానే గుర్తించి మందులిచ్చే పద్ధతిని నెలకొల్పింది. 1996లో దేశంలో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. సీమ నేలకు ఆనుకుని పుట్టిన ఈ నమూనా సీమ సాహిత్య చర్చలో కనిపించకపోవడం ఆశ్చర్యకరం.

గోవాలో సంగత్ సంస్థ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో జరిపి, 2017లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం మరో అడుగు వేసింది. వైద్యులు కాని, శిక్షణ పొందిన స్థానికులు కొద్ది విడతల సంభాషణలతో తీవ్రమైన కుంగుబాటును సైతం తగ్గించగలిగారు. వారి పద్ధతిలో ఉపదేశం లేదు. మనిషి మానేసిన చిన్న చిన్న పనులను ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెట్టించడం దాని సారం. మనసు బాగుపడ్డాక పని చేయడం కాదు, పని చేస్తూ మనసును కదిలించడం. దయానిధి వజ్రకరూరు జీవితాన్నీ, స్నేహితురాలు శారదకు గుర్తుచేసిన పాటలనూ బొమ్మలనూ ఈ వెలుగులో మరోసారి చదవవచ్చు. రామయ్య తాత సలహా ఎందుకు విఫలమైందో కూడా అర్థమవుతుంది.

తీవ్రస్థితిలో మందులు తప్పనిసరి కావచ్చు. వాటి ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే మానేయడం, కాస్త బాగున్నదని సొంతంగా ఆపేయడం హానికరం. మొక్కు ఊరటనిస్తుంది, చికిత్సను అడ్డుకోదు; రెండింటినీ పోటీకి పెట్టనవసరం లేదు. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టం, 2017 చెబుతోంది. నేరంగా కాక బాధగా చూడమన్న ఆ దృష్టి సీతారామారావు కాలానికి లేదు. ఇప్పటి పాఠకునికి ఉంది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 సంఖ్యపై ఉచితంగా, తెలుగులోనూ అందుబాటులో ఉంది. మరణపు తలపు వచ్చినవారిని ఒంటరిగా వదలకుండా, వైద్యుని వద్దకు తోడుగా వెళ్ళడం ఆప్తుల మొదటి బాధ్యత. అలాంటి తలపు ఉందా అని సూటిగా అడగడం దాన్ని ప్రేరేపించదు. చెప్పుకునే అవకాశం ఇస్తుంది.

9. ముగింపు

1. సంచారిభావాల పరిభాష కుంగుబాటును తెలుగులో, తెలుగు విద్యార్థికి తెలిసిన మాటల్లో వివరించడానికి తోడ్పడుతుంది. భావం రావడం సహజం. కదలకుండా నిలిచిపోవడం చికిత్స కోరే స్థితి.

2. తత్త్వజ్ఞానజన్యమైన నిర్వేదాన్నీ, రోగజన్యమైన నిర్వేదాన్నీ ఆలంకారికులు వేరుగానే చూశారు. ఆధునిక విమర్శ ఆ వివేకాన్ని నవలల విషయంలో తిరిగి పాటించవలసి ఉంది.

3. సీతారామారావు, దయానిధి, రవి పాత్రలను ఒకే ‘వేదన’ పేరుతో చదవడం సరికాదు. మొదటి పాత్రలో భావం నిలిచిపోయింది, రెండోదానిలో కదిలింది, మూడోది స్రవంతిగానే సాగింది.

4. స్త్రీల కుంగుబాటు అవహిత్థ చాటున ఉండిపోతుంది. సత్యవతి కథ దాన్ని గుర్తించే మార్గాన్ని, పేరు పెట్టి పిలవడం ద్వారా చూపింది.

5. ‘అసమర్థుని జీవయాత్ర’ను తరగతిలో బోధించే అధ్యాపకుని ఎదుట మౌనంగా కూర్చున్న విద్యార్థుల్లో సీతారామారావును తనలో పోల్చుకుంటున్నవారు ఉండవచ్చు. పాఠం ఆ పాత్రను అసమర్థుడని తేల్చి ముగిస్తే ఆ విద్యార్థి తన గురించి కూడా అదే తీర్పు విన్నట్టవుతుంది. ఆ పాత్ర మాట ఎవరూ వినలేదని చెప్పి ముగిస్తే, తరగతి అయిపోయాక ఆ విద్యార్థి అధ్యాపకుని కోసం ఆగే అవకాశం ఉంటుంది.